నాగేశ్వరరావు పంతులుగారి పుస్తక వర్తకము

ఈ ఏటి ఉగాది సంచికలో వర్తకానికి పనికివచ్చే వ్యాసం ఒకటి ఉండితీరవలెనని మన సంఘ సభ్యులలో బియ్యం మిల్లుల వారు, ఎరువుల దుకాణాల వారు పట్టుపట్టారు. పద్యాలు, రాశిఫలాలు, దాతల ఛాయాచిత్రాలు ఏటా ఉండేవే గదా అని వారి వాదన. వాదన న్యాయమైనదే. అయితే పెట్టుబడి ఎక్కడ తేవాలి, సరుకు ఎప్పుడు అమ్మాలి అనే సంగతులు మాకన్న వారికే బాగా తెలుసు. అందుచేత మేము వర్తక సూత్రాలు రాసే సాహసం మాని, ఒక వర్తకుని జీవితం రాస్తున్నాము. ఆయన పుట్టిన ఊరు విడిచి, పరాయి భాష మాట్లాడే పట్టణంలో వ్యాపారం పెట్టి, గడించినదంతా తెలుగు అక్షరం మీద ఖర్చుపెట్టిన మనిషి. ఉగాదికి ఒక సంచిక వెలువడవలెననే అలవాటు తెలుగువారికి చేసినవారిలో ముందుగా చెప్పుకోవలసినదీ ఆయననే.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1867 మే 1వ తేదీన కృష్ణా జిల్లాలో జన్మించారు. తండ్రి బుచ్చయ్యగారు, తల్లి శ్యామలాంబగారు. బందరులో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరి, 1891లో పట్టం పుచ్చుకున్నారు. ఆనాడు పట్టభద్రుడైన నియోగి యువకునికి ఎదుట ఉన్న బాటలు కచేరీ ఉద్యోగం, ప్లీడరీ, లేదా బడిలో ఉపాధ్యాయత్వం. మూడింటిలోనూ గౌరవం ఉన్నది, నెల తిరిగేసరికి జీతమో రుసుమో ఉన్నది. పంతులుగారు మూడింటినీ కాదని వ్యాపారం వైపు తిరిగారు. విద్యార్థి దశలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారి వివేకవర్ధని పత్రిక వారి మనస్సును పట్టింది. పత్రిక అనేది ఎంత పని చేయగలదో అప్పుడే గ్రహించి ఉంటారు. కాని పత్రికకు డబ్బు కావాలి, డబ్బుకు వ్యాపారం కావాలి.

మద్రాసులో మొదటి ప్రయత్నం నిలవలేదు. కలకత్తా వెళ్లి మందుల వ్యాపారంలోని మెళకువలు నేర్చుకున్నారు. అక్కడనుంచి బొంబాయి చేరి విలియం కంపెనీ అనే సంస్థలో పనిచేశారు. 1893లో సొంతంగా అమృతాంజనం తయారుచేసి అమ్మడం మొదలుపెట్టారు. అప్పటికి వారి వయస్సు ఇరవైయారు.

అమృతాంజనం కథలో మన వర్తక మిత్రులు గమనించవలసినది ఒకటున్నది. తలనొప్పి ధనికునికీ వస్తుంది, కూలివానికీ వస్తుంది. ఒకసారి పోయినది మళ్లీ వస్తుంది. సీసా చిన్నది, చాలారోజులు వస్తుంది, వాడినవారు పక్కవారికి చెబుతారు. సరుకు ఎంత మంచిదైనా పేరు తెలియని సీసాను ఎవరు కొంటారు? పంతులుగారు సంగీత సభలలో దానిని ఉచితంగా పంచిపెట్టించేవారని ప్రసిద్ధి. రాత్రి పొద్దుపోయేవరకు సభలో కూర్చున్నవారికి అమృతాంజనం గుణం వేరే చెప్పనక్కరలేదు గదా! ఉచితంగా రుచి చూపి, తరువాత అమ్మడం అనే ఉపాయం ఇప్పుడు ప్రతి కంపెనీకీ తెలిసినదే. ఆనాడు తెలుగు పల్లెనుంచి వచ్చిన పట్టభద్రుడొకడు బొంబాయిలో దానిని పాటించి గెలవడం చిన్న విషయం కాదు.

పుస్తకం మాట వేరు. తల ఉన్న ప్రతివానికీ తలనొప్పి వస్తుంది గాని, కన్నులున్న ప్రతివాడూ చదవలేడు. 1901 జనాభా లెక్కల ప్రకారం దేశం మొత్తంలో అక్షరం వచ్చినవారు నూటికి ఆరుగురైనా లేరు. అందులో తెలుగు చదివేవారెందరు, వారిలో కొని చదివేవారెందరు? అటువంటి కాలంలో, తెలుగు దేశానికి అంత దూరాన బొంబాయిలో కూర్చుని తెలుగు పత్రిక పెట్టడానికి పూనుకున్నారు పంతులుగారు.

1907 డిసెంబరులో సూరత్తులో కాంగ్రెసు మహాసభ జరిగి, మితవాదులు అతివాదులుగా చీలిపోయిన సంగతి మనకు తెలిసినదే. పంతులుగారు ఆ సభకు వెళ్లారు. మహారాష్ట్రులకు తిలకుగారి కేసరి ఉన్నది, తెలుగువారి మాట తెలుగులో చెప్పడానికి అటువంటిది కావాలని వారికి గట్టిగా తోచింది. మరుసటి ఏడు, అనగా 1908లో, పత్రికలకు గడ్డుకాలం వచ్చింది. జూన్‌లో పత్రికలను అణచడానికి కొత్త చట్టం చేశారు. జూలైలో కేసరి వ్యాసాలకుగాను తిలకుగారికి ఆరేండ్ల శిక్ష వేసి మాండలే పంపారు. అందుకు నిరసనగా బొంబాయి మిల్లు కార్మికులు ఆరు రోజులు పని మానారు. ఆ ఏడే బెజవాడ స్వరాజ్య పత్రికలోని రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు జైలుకు వెళ్లారు. ఇవన్నీ కళ్లెదుట జరుగుతుండగా, 1908 సెప్టెంబరు 9న అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడింది. పచ్చగా సాగుతున్న వ్యాపారం ఉన్నవాడు అటువంటి సమయంలో పత్రిక పెట్టడమంటే ఉన్నదాన్ని పణంగా పెట్టడమే. ఆనాటికే బొంబాయిలో తెలుగు కూలీలు, మేస్త్రీలు వేలమంది ఉన్నారు. కామాఠీపురా అనే పేటకు ఆ పేరు వచ్చినది మన తెలుగు కామాఠీల వల్లనే. వలస వచ్చినవాడికి సొంత భాషలో అచ్చయిన కాగితం చేతికి అందితే ఎలా ఉంటుందో, కాలువ కింద క్యాంపుల్లో పోస్టుమాన్ కోసం ఎదురుచూసిన మన పెద్దలకు తెలుసు.

వారపత్రిక పుట్టిన కొద్ది కాలానికే, 1910 ప్రాంతంలో, ఉగాదికి ప్రత్యేకంగా సంవత్సరాది సంచిక వేయడం ఆరంభించారు. చరిత్ర, సాహిత్యం, శాస్త్రం, చిత్రకళ అన్నిటికీ చోటిచ్చి, పండితులచేత రాయించి, బొమ్మలు వేయించి తెచ్చిన ఆ సంచికలు ఇళ్లలో బట్టలో చుట్టి దాచుకొనదగినవి. మనమిప్పుడు వేస్తున్న ఈ చిన్న సంచికకు ముత్తాత అదే. అందులోనూ ప్రకటనలు ఉండేవి. ప్రకటనలు ఎక్కువైనాయని ఏటా మమ్ము దెప్పిపొడిచే మిత్రులు ఈ సంగతి గమనింతురుగాక.

1914లో పంతులుగారు పత్రికను మద్రాసుకు మార్చి, ఏప్రిల్ 1 నుంచి దినపత్రిక చేశారు. నాలుగు నెలలకే ఐరోపాలో మహాయుద్ధం మొదలైంది. యుద్ధవార్తల కోసం జనం పత్రికల కొరకు ఎగబడ్డారు. అదృష్టం అనుకుందామంటే అనుకోవచ్చు గాని, అంతకు ముందు ఆరేండ్లు వారం వారం తప్పక పత్రిక నడిపిన అనుభవం లేకపోతే ఆ అదృష్టం అక్కరకు వచ్చేది కాదు.

ఇక పుస్తకాలు. వర్తకం మీద, ధనం మీద తెలుగులో పుస్తకాలు లేవా అని అడిగిన సభ్యులకు ఇక్కడ ఒక మాట. మన కన్నడ దేశపు మైసూరులోనే మహారాజా కళాశాలలో ఆచార్యులుగా పనిచేసిన కట్టమంచి రామలింగారెడ్డిగారు భారత అర్థశాస్త్రమును తెలుగులో రాశారు. ఇటువంటి శాస్త్రాలు తెలుగులో చెప్పవచ్చునని దారి వేసినది 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావుగారు, వారి మిత్రులు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలి. ఆ లక్ష్మణరావుగారే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తి కాకుండానే 1923లో కన్నుమూశారు. ఎవరు చేపట్టినా నష్టం తప్పదని తెలిసిన పని అది. పంతులుగారు చేపట్టారు. 1930 దశకంలో విజ్ఞాన సర్వస్వాన్ని మళ్లీ కూర్పించి అచ్చువేయించారు.

1924 జనవరిలో భారతి మాసపత్రిక మొదలైంది. 1926లో ఆంధ్రగ్రంథమాల. సామాన్యునికి అందే వెలకు మంచి గ్రంథం ఇవ్వాలని గ్రంథమాల ఉద్దేశ్యం. వెల తగ్గిస్తే కొనేవారు పెరుగుతారనేది అమృతాంజనం నేర్పిన లెక్కే. పుస్తకానికి ఆ లెక్క ఎంతవరకు కుదురుతుందో చూడదలచారన్నమాట.

ఆ గ్రంథమాలలో 1926లో వెలువడిన ఒక పుస్తకం గురించి రాయచూరు జిల్లాలో ఉన్న మనం కాస్త నిలిచి చెప్పుకోవాలి. అది పాల్కురికి సోమనాథుని బసవపురాణం. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు దానికి పరిశోధనాత్మకమైన పీఠిక రాశారు. బసవేశ్వరుడు కన్నడ దేశంవాడు, కల్యాణంలో ఉన్నవాడు. ఆయన చరిత్రను జానుతెనుగులో ద్విపదగా చెప్పినవాడు తెలుగు కవి సోమనాథుడు. ఆ తెలుగు పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చాడు. కన్నడ మహాపురుషుని కథ తెలుగులో కావ్యమై తిరిగి కన్నడ దేశానికి వెళ్లినదన్నమాట. మనకు పొలం అమ్మిన రైతు, మన పిల్లలకు పాఠం చెప్పే మాస్టరుగారు బసవణ్ణ పేరు చెప్పి చేతులు జోడిస్తే, మన భాషలో ఆయన మీద ఇంత పురాణం ఉన్నదని మనలో ఎందరు చెప్పగలరు? ఆ పురాణాన్ని పండితుల అలమరల నుంచి అంగడికి తెచ్చినది పంతులుగారి సొమ్ము.

దేశసేవ సంగతి తెలిసినదే గనుక క్లుప్తంగా చెప్పుతాము. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘానికి అధ్యక్షులయ్యారు, గ్రంథాలయోద్యమానికి అండగా నిలిచారు, అరవైయేండ్లు దాటిన వయస్సులో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. జైలులో గీతకు వ్యాఖ్య రాసుకున్నారు. ఆంధ్ర వాఙ్మయ చరిత్ర కూడా వారు రాసినదే. ప్రజలు దేశోద్ధారక అన్నారు, గాంధీగారు విశ్వదాత అన్నారు, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లో కళాప్రపూర్ణ బిరుదమిచ్చింది.

ఇంత చెప్పిన తరువాత మా మనస్సులో ఉన్న సందేహం కూడా చెప్పకపోతే ఈ వ్యాసం పొగడ్త మాత్రమే అవుతుంది. సీసాను తన కాళ్లమీద నిలబెట్టిన పంతులుగారు పుస్తకాన్ని నిలబెట్టగలిగారా? లోటు వచ్చినప్పుడల్లా అమృతాంజనం ఆదుకుంటుందనే ధైర్యం ఉన్నచోట, పుస్తకానికి సొంత కొనుగోలుదారులను కూర్చుకునే కష్టం ఎవరు పడతారు? 1936లో అమృతాంజనం పరిమిత కంపెనీ అయింది, నేటికీ నడుస్తున్నది. వారి తరువాత అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు ఆంధ్రపత్రికనూ భారతినీ దక్షతతో నడిపారు. అయినా రెండూ 1991తో ఆగిపోయినవి. మాలో ఒకరు ఈ మాటకు ఒప్పుకోలేదు. పెట్టినవాడు పోయిన తరువాత యాభైమూడేండ్లు నడిచిన పత్రికను ఓడిపోయిందనడం ఏ లెక్క, మన మిల్లుల్లో ఎన్ని అన్నేండ్లు నడిచాయి అని అడిగారు. ఆ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేకపోయాము. సందేహం మాత్రం పోలేదు.

మరొక సంగతి మన నేలకు సంబంధించినది. 1937 నవంబరు 16న మద్రాసులో పంతులుగారి ఇల్లు శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చుని ఒడంబడిక చేసుకున్నారు. కృష్ణ, తుంగభద్ర, పెన్న నీళ్లలో కొంతకాలం రాయలసీమకు ముందు పాలు ఇవ్వాలని, రాజధానో ఉన్నత న్యాయస్థానమో సీమలో ఉండాలని అందులో ఉన్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు రాజధాని అయినది ఆ మాట మీదనే. నీటి మాట ఎంతవరకు నిలిచిందో సీమవారిని అడిగితే చెబుతారు. అప్పటికి మన రాయచూరు నిజాం రాజ్యంలోనిది. 1945లో మద్రాసు, హైదరాబాదు ప్రభుత్వాలు కలిసి తుంగభద్ర ఆనకట్టకు పునాది వేసి, 1953 నాటికి నీరు నిలిపాయి. కుడి కాలువలు బళ్లారికీ సీమకూ, ఎడమ కాలువ మన రాయచూరుకూ వచ్చాయి. ఆ ఎడమ కాలువ నీటిని నమ్ముకునే మన పెద్దలు కోస్తాలో భూములమ్మి సింధనూరు, మాన్వి ప్రాంతాల నల్లరేగళ్లకు వచ్చారు. 1956లో జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసింది. పిల్లలు కన్నడ బడికి వెళ్లారు, వెళ్లవలసినదే. ఇప్పుడు వారి పిల్లలలో తెలుగు మాట్లాడేవారున్నారు గాని, చదివేవారు తక్కువ. పంతులుగారి నాడు నూటికి ఆరుగురు లేరన్నాము. మన ఇళ్లలో తెలుగు అక్షరం వచ్చిన చిన్నవాళ్లను ఎవరింటి వారు ఆ ఇంట్లో లెక్కపెట్టి చూడండి.

శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన అయిదు నెలలకు, ఉగాది వెళ్లిన కొద్ది రోజులకే, 1938 ఏప్రిల్ 11న పంతులుగారు పరమపదించారు. వారి సంవత్సరాది సంచిక వారి తరువాత కూడా చాలా ఏండ్లు వస్తూనే ఉన్నది.

ఈ ఏడు మన సంచిక ప్రతులను సభలో పంచగా మిగిలినవాటిని బీరువాలో పెట్టకుండా, మిల్లుల కచేరీలలోను, ఎరువుల దుకాణాల బల్లలమీదను ఉంచవలెనని నిశ్చయించాము. వర్తక వ్యాసం కోరిన సభ్యులే ఇందుకు చోటివ్వడానికి ఒప్పుకున్నారు. బస్తాలు ఎత్తేవరకు కూర్చున్నవారు ఎవరైనా తిరగవేస్తే వెల అడగవద్దని వారికి మా మనవి.