హోవర్డు ఫ్లోరీ

హోవర్డు ఫ్లోరీ 1898 సెప్టెంబరు 24వ తేదీన ఆస్ట్రేలియాలోని అడిలైడు నగరమున జన్మించెను. అచ్చట వైద్యవిద్య నభ్యసించి, విద్యార్థి వేతనము పొంది, ఇంగ్లాండునందలి ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమునకు వెడలెను. 1935లో ఆ విశ్వవిద్యాలయముననే ఆచార్యపదవిని అలంకరించెను.

ఆ కాలమున చిన్న పుండు సైతము ఒక్కొక్కప్పుడు ప్రాణాంతకమగుచుండెను. పుండునందలి సూక్ష్మజీవులు రక్తమున ప్రవేశించినచో, శరీరమున పలుచోట్ల చీముగడ్డలు లేచి రోగి మరణించుట తరచు జరుగుచుండెను. ఒక బూజునుండి పుట్టు పెనిసిలిను అట్టి సూక్ష్మజీవులను చంపునని 1928లో అలెగ్జాండరు ఫ్లెమింగు కనుగొనెను. కాని దానిని శుద్ధిచేసి ఔషధముగ మార్చుట ఆయనకు సాధ్యపడలేదు. ఫ్లోరీ తన సహచరులగు చెయిను, హీట్లీ మున్నగువారితో ఆ కార్యమునకు పూనుకొనెను. 1940 మే 25వ తేదీన ఎనిమిది చిట్టెలుకలకు సూక్ష్మజీవుల నెక్కించి, నాలుగింటికి మాత్రము పెనిసిలిను నిచ్చిరి. మరునాటి ఉదయమునకు మందు పొందిన నాలుగును బ్రతికియుండెను, తక్కినవన్నియు మరణించెను.

1941 ఫిబ్రవరి 12వ తేదీన ఆక్సుఫర్డు వైద్యశాలలో ఒక పోలీసు ఉద్యోగికి ఆ మందు నిచ్చిరి. ముఖముపై మొదలైన వ్యాధి దేహమంతట వ్యాపించి, అప్పటికే అతని కొక కన్ను పోయియుండెను. కడుపులోని ఆమ్లము పెనిసిలినును చెరచును గనుక, దానిని రక్తనాళములోనికే యెక్కించిరి. మూత్రపిండములు దానిని శీఘ్రముగ వెలికి పంపివేయును గనుక, మూడేసి గంటల కొకమారు ఈయవలసివచ్చెను. ఒక దినములోనే గుణము కనబడెను. జ్వరము తగ్గెను, ఆకలి పుట్టెను.

కాని మందు స్వల్పము. రోగి మూత్రమునుండి పెనిసిలినును మరల వేరుచేసి వాడినను, ఐదు దినములకే అది నిండుకొనెను. కొన్నాళ్లకు రోగము తిరుగబెట్టెను. మార్చి 15వ తేదీన అతడు కన్నుమూసెను.

మందు పనిచేయకపోలేదు, చాలినన్ని దినములు అందకపోయెను. ఈ సత్యమును గ్రహించిన ఫ్లోరీ, ఆ యేడే హీట్లీతో అమెరికాకు పోయి, పెనిసిలినును విరివిగా తయారుచేయు మార్గమునకై పాటుపడెను. యుద్ధము ముగియులోపల వేలకొలది క్షతగాత్రులకు అది ప్రాణదాత యయ్యెను. 1945లో ఫ్లెమింగు, చెయినులతోపాటు ఫ్లోరీకి నోబెలు బహుమతి లభించెను. 1968 ఫిబ్రవరి 21వ తేదీన ఆయన దివంగతుడయ్యెను.

రక్తమున సోకిన వ్యాధికి మందు ఎన్ని దినములీయవలె నను ప్రశ్న నేటికిని వైద్యులను ఆలోచింపజేయుచున్నది. కొన్ని రకముల రోగులకు 14 దినముల చికిత్సవలెనే 7 దినముల చికిత్సయు చాలునని 2024లో వెలువడిన ఒక గొప్ప పరిశోధన తెలిపినది. మరికొన్నింటికి వారములకొలది మందు అవసరము. సూక్ష్మజీవి యేది, అది ఎచ్చట దాగినది అను విషయములను విచారించి వైద్యుడే గడువు నిర్ణయించును. జ్వరము తగ్గినంత మాత్రమున రోగము నశించినదని తలచి, మందును మనంతట మనమే మానరాదు. కావలసిన మందు లేక ఒకడు మరణించెను. చేతనున్న మందును విడిచి ప్రాణమునకు ముప్పు తెచ్చుకొనుట అవివేకము.