డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన మహాసభల ప్రత్యేక సంచికలయందు మన శాఖకు వన్నె దెచ్చిన పెద్దల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. సుబ్బారావుగారి పేరు అందు తఱచుగా వినబడుచునే యున్నది. ఐనను ఆ పేరు చెప్పి గర్వపడువారిలో అధికులు వారేమి చేసినదియు నెఱుంగరు. వారి పనులన్నియు నేకరువు పెట్టుట కీ పుటలు చాలవు. కావున గోదావరి మండలములవారి కాళ్లకు సంబంధించిన యొక పనిని మేము ముఖ్యముగా జెప్పదలచితిమి.

సుబ్బారావుగారు 1895 సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిన్న యుద్యోగి. తల్లి వెంకమ్మగారు. బాల్యమున చదువు వారికి సులభముగా నబ్బలేదు. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. చిరకాలము బడిపిల్లల పత్రములు దిద్దినవారమగుటచే ఈ సంగతిని మేము దాటవేయజాలము. తప్పిన పిల్లవానిని జూచి యికనితడు పనికిరాడని మేమును పలుమా ఱనుకొన్నవారమే. రామకృష్ణమఠమున జేరి సన్న్యసింపవలెనని వారు కోరిరి గాని తల్లి సమ్మతింపలేదు. పిదప చెన్నపట్టణపు వైద్యకళాశాలలో జేరిరి. 1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని వివాహమాడిరి. మామగారే చదువునకు తోడ్పడిరి. గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి శస్త్రచికిత్సశాలకు బోవగా ఆంగ్లేయుడగు ఆచార్యునికి కోపము వచ్చెను. తత్ఫలితముగా వారికి పూర్ణమైన పట్టము దక్కక, ఎల్.ఎం.ఎస్. అను తక్కువ తరగతి పట్టమే దక్కెను.

ఇంతలో ఇల్లు చీకటి పడెను. స్ప్రూ అను గ్రహణీవ్యాధిచే వారి సోదరు లిరువురు కొలదిదినముల యెడములో మరణించిరి. ఆ జబ్బే తమకును సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడిరి. కొంతకాలము చెన్నపట్టణపు ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి గాని, ఆ రోగమునకు మూలమేమో తెలిసికొనవలెనను పట్టుదల వారిని నిలువనీయలేదు.

1920 తరువాతి తొలి సంవత్సరములలో వారు అమెరికాకు బోయి బోస్టను నగరము చేరిరి. ఇచ్చట మన శాఖవారు మఱువరాని సంగతి యొకటి కలదు. మామగారు కూర్చిన ధనముతోబాటు వారికి ఆసరా యిచ్చుటకు ముందుకు వచ్చినది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ. నాయకరుగారు మన కులమువారు కారు. బర్మాకు బోయి, కష్టించి యార్జించి, ఆ ధనమును ధర్మమునకు విడిచిన పుణ్యాత్ములు. సుబ్బారావుగారిని మనవారని చెప్పుకొను ప్రతిమారును నాయకరుగారి పేరును జెప్పుట న్యాయమని మా యభిప్రాయము.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వైద్యమును చదువుచు, పొట్టకూటికై యాసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగిరి. పిదప ఫిస్కే అను ఆచార్యునితో గలసి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో బ్రకటించిరి. కండరములకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియేటిను, ఏ.టి.పి. అను పదార్థములను గూర్చిన పరిశోధనలు 1927, 1929 సంవత్సరములలో వెలువడినవి. ఐనను అచ్చట వారికి స్థిరమైన పదవి లభింపలేదు. వారి పరిశోధనలు కొన్ని ఫిస్కే యసూయవలన వెలుగు చూడలేదని, పిమ్మట 1988లో నోబెలు బహుమానమందిన హిచింగ్సు చెప్పియున్నారు.

1940లో న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివరు గ్రామమున లెడర్లీ మందుల సంస్థలో జేరి, తరువాత పరిశోధనశాఖ కధిపతి యైరి. అచ్చట ఫోలికామ్లమును కృత్రిమముగా దయారుచేయించిరి. 1946 నాటికి ఆ యామ్లము స్ప్రూ రోగులకు గుణమిచ్చుట తేలెను. సోదరుల నపహరించిన రోగమునకు మందు వారి శాలనుండియే వచ్చినది.

ఇక బోదకాలి మాట. ఆ రోగమునకు కారణమైనది దారమువంటి పురుగు. పెద్దపురుగులు ఆడుమగలు రసనాళములలో సంవత్సరముల తరబడి నివసించి, లక్షలకొలది సూక్ష్మమైన పిల్లపురుగులను గనును. ఈ పిల్లలు పగలు లోపలి యవయవములలో దాగి, రాత్రివేళ చర్మమునకు దగ్గరి రక్తములోనికి వచ్చును. మురుగునీట బుట్టు క్యూలెక్సు దోమ కుట్టునదియు నప్పుడే. దోమ శరీరములో నవి రెండువారములలోపుగా ముదిరి మఱియొకని యొంటిలోనికి బోవును. కావుననే రోగపరీక్షకు రక్తమును అర్ధరాత్రి ప్రాంతమున దీయుదురు. పూర్వము పాషాణముతోడను ఆంటిమొనీతోడను జేసిన మందులు వాడుచుండిరి గాని, అవి రోగికిని విషప్రాయములే.

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫికు ద్వీపములకు బోయిన అమెరికను సైనికులలో ననేకులకు ఈ పురుగు సోకుటతో, సుఖమైన మందునకై యన్వేషణ తీవ్రమాయెను. సుబ్బారావుగారి నాయకత్వమున హెవిట్టు, కుష్నరు మున్నగు శాస్త్రజ్ఞులు పలు రసాయనములను ఎలుకలమీదను కుక్కలమీదను పరీక్షించి, డైయీథైల్ కార్బమజైనును ఎన్నుకొనిరి. హెట్రజానను పేరుతో 1947లో ప్యూర్టోరికో ద్వీపమున రోగుల కిచ్చి చూడగా రక్తమునందలి పిల్లపురుగులు శీఘ్రముగా దగ్గిపోయెను. సూదితో బనిలేదు, మాత్రగా మ్రింగవచ్చును.

ఇందలి సూక్ష్మమును మన పాఠకులు గమనింపవలెను. బాగుగా ఉబ్బిన కాలిని ఈ మాత్ర మరల సన్నముచేయలేదు. అట్టివారికి కాలిని ప్రతిదినము శుభ్రముగా గడిగి, పుండు పడకుండ జూచుకొనుటయే శరణ్యము. మాత్ర గొప్పతనము వేరు. ఒకని రక్తములో బిల్లపురుగులు లేనిచో దోమకు మోయుట కేమియు లేదు, పొరుగువాడు బ్రతుకును. కనుక రోగము పైకి గానరానివారును మ్రింగవలెను. చైనాదేశమువారు ఈ మందును ఉప్పులో గలిపి కోట్లమందికి బెట్టిరి. 2007లో ఆ దేశమునుండి యీ రోగము తొలగినట్లు ప్రకటింపబడెను. మన దేశమున 1955లో బోదకాలి నివారణ పథకము మొదలాయెను. 2004 నుండి సంవత్సరమున కొకమారు ఊరందఱికిని మాత్రలిచ్చు పద్ధతి ప్రారంభమాయెను. రెండేండ్లలోపు శిశువులను, గర్భిణులను, తీవ్రరోగులను మాత్రము మినహాయింతురు.

మేము పనిచేసిన గ్రామములో మాత్రలు పంచువారు వచ్చినప్పుడు పెద్దలు పలువురు వానిని చేత బుచ్చుకొని, జబ్బే లేనిదే మందెందుకని చూరులో దోపుట చూచితిమి. మ్రింగినవారిలో నొకరిద్దరికి జ్వరము తగిలినదని గొల్లుమనిరి. ఒంటిలో జచ్చుచున్న పురుగులవలన వచ్చు స్వల్పజ్వరమది యని నచ్చజెప్పుట కొక పూట పట్టినది. ఈ మందు మన భీమవరపువాని నాయకత్వమున పుట్టినదని చెప్పగా, కొందఱు నమ్మలేదు, నమ్మినవారు మ్రింగిరి.

అతిశయోక్తి యొకటి సవరింపవలెను. ఆరియోమైసినును వారొక్కరే కనుగొనిరని మన సంచికలలో వ్రాయబడుచున్నది. మట్టిలో ఆ మందునిచ్చు సూక్ష్మజీవిని గుర్తించినవారు డగ్గరను వృద్ధ శాస్త్రజ్ఞులు. ఆ పని జరిగినది సుబ్బారావుగారి పర్యవేక్షణమున. లేని ఘనతను జేర్చినచో నున్న ఘనతను జనులు శంకింతురు.

1948 ఆగస్టు నెలలో న్యూయార్కున, 53 సంవత్సరముల వయస్సున, వారు నిద్రలోనే హృద్రోగముచే మరణించిరి. ఒకమారు వెడలిన తరువాత వారు స్వదేశమునకు రానేలేదు. శేషగిరిగారు భర్తను మరల జూడలేదు; పుట్టిన మగబిడ్డ శైశవముననే పోయెను. 1995లో భారత ప్రభుత్వము వారి శతజయంతికి తపాలాబిళ్లను వెలువరించెను. ఒక శిలీంధ్రమునకు సుబ్బారోమైసెస్ అని వారి పేరు కలదు. శేషగిరిగారి పేరు మాత్రము మన సంచికలలో మే మెఱిగినంతవఱకు వ్రాయబడలేదు. అందుచే నిచ్చట వ్రాసితిమి.