పైడి జైరాజ్

పైడి జైరాజ్ (సెప్టెంబరు 28, 1909 - ఆగష్టు 11, 2000) కరీంనగర్‌లో జన్మించి హిందీ చలనచిత్ర రంగంలో కథానాయకునిగా పేరుపొందిన నటుడు, దర్శకుడు, నిర్మాత. మూకీ చిత్రాల కాలంలో తెరపైకి వచ్చిన జైరాజ్, 1990లలో కూడా చిన్న పాత్రలలో కనిపించాడు. కలిగిన కుటుంబంలో పుట్టి, ఇంటివారితో భేదించి, ఇరవై ఏళ్ళ ప్రాయంలో ఒంటరిగా బొంబాయి చేరి స్వయంకృషితో ఎదిగాడు. 1980 సంవత్సరానికి భారత ప్రభుత్వం నుండి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందాడు. తెలంగాణ గడ్డపై పుట్టి ఈ పురస్కారం పొందినవారిలో ఇతడే మొదటివాడు.

బాల్యము, విద్య

జైరాజ్ జన్మించిన నాటికి కరీంనగర్ నిజాం పాలనలోని హైదరాబాదు సంస్థానంలో భాగంగా ఉండేది. ఇతని మాతృభాష తెలుగు. చదువుకు, హోదాకు లోటులేని కుటుంబం ఇతనిది. సరోజినీ నాయుడుకు ఇతడు మేనల్లుని వరుస అవుతాడని పలు రచనలు పేర్కొంటున్నాయి. ఉన్నత విద్యకై హైదరాబాదు చేరి నిజాం కళాశాలలో చదివాడు. ఆ కాలంలో నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. తరగతిలో ఆంగ్లం, నగరంలోనూ ప్రభుత్వ వ్యవహారాలలోనూ ఉర్దూ, ఇంట తెలుగు - ఈ మూడు భాషల నడుమ ఇతని యౌవనం గడిచింది. కళాశాల రోజులలోనే నాటకాల పట్ల, సినిమాల పట్ల ఆసక్తి పెరిగింది.

ఇల్లు విడిచి బొంబాయికి

పట్టభద్రుడైన తరువాత జైరాజ్ నౌకాదళంలో చేరాలని కోరుకున్నాడు. తల్లి అందుకు సమ్మతించలేదు. పైచదువులకు లండన్ వెళ్ళాలన్న ఆలోచన కూడా ఫలించలేదు. తన భవిష్యత్తును ఇంటిలో ఇతరులే నిర్ణయించడం ఇతనికి మింగుడుపడలేదు. చివరకు 1929లో ఇల్లు విడిచి బొంబాయికి ప్రయాణమయ్యాడు.

సినిమాలలో చేరదలచిన హైదరాబాదు యువకునికి అప్పుడు స్వస్థలంలో అవకాశమే లేదు. బెంగాలుకు చెందిన ధీరేన్ గంగూలీ 1922లో హైదరాబాదులో లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పి కొన్ని మూకీ చిత్రాలు నిర్మించాడు. అయితే రజియా బేగం చిత్రాన్ని ప్రదర్శించినందుకు నిజాం ఆగ్రహానికి గురై 1924లో నగరం విడిచి వెళ్ళవలసివచ్చింది. మద్రాసులో రఘుపతి వెంకయ్య, అతని కుమారుడు ప్రకాష్ 1921లోనే చిత్ర నిర్మాణం ప్రారంభించినా, ఆ పరిశ్రమ ఇంకా పసిదశలోనే ఉంది. పలు స్టూడియోలు, నిర్మాణ సంస్థలు ఒకేచోట ఉన్న నగరం బొంబాయి. గొప్పింటి బిడ్డలు సినిమాలలో చేరడాన్ని చిన్నతనంగా భావించే రోజులవి. కాబట్టి జైరాజ్ నిర్ణయం వృత్తిని ఎన్నుకోవడంతో ఆగలేదు. కుటుంబ మర్యాదను ధిక్కరించడం కూడా అయింది.

మూకీ చిత్రాలు

బొంబాయిలో తొలి దినాలు కష్టంగా గడిచాయి. ఇంటి ఆసరా లేని యువకుడు చిన్నాచితకా పనులతో పొట్టపోసుకుంటూ స్టూడియోల చుట్టూ తిరిగాడు. పొడగరితనం, కసరత్తు చేసిన శరీరం అక్కరకు వచ్చాయి. 1929లో జగ్‌మగతీ జవానీ అనే మూకీ చిత్రంతో తెరపైకి వచ్చాడు. మెరిసే యౌవనం అని ఆ పేరుకు అర్థం. అదే ఏడాది రసీలీ రాణిలో కథానాయకుడయ్యాడు. అటుపిమ్మట శారదా ఫిలిం కంపెనీ చిత్రాలలో నటించాడు. మాట వినిపించని ఆ సినిమాలలో సాహసకృత్యాలకు, కత్తియుద్ధాలకు ఆదరణ ఎక్కువ. ఆ తరహా పాత్రలలో జైరాజ్ రాణించాడు.

టాకీల రాక

1931లో ఆలం ఆరా విడుదలతో హిందీ చలనచిత్రం మాట నేర్చింది. మూకీలలో వెలిగిన పలువురికి ఇది పరీక్షాకాలం. హిందుస్తానీ సరిగా పలకలేక వెనుకబడినవారున్నారు. ఆనాటి మేటి తార సులోచన (రూబీ మైయర్స్) సైతం కొంతకాలం నటన మాని భాష నేర్చుకొని తిరిగి రావలసివచ్చింది. జైరాజ్‌కు ఆ ఇబ్బంది ఎదురుకాలేదు. హైదరాబాదులో అలవడిన ఉర్దూ ఇతనికి పెట్టుబడి అయింది. 1932లో షికారీ చిత్రంతో టాకీలలో ప్రవేశించాడు.

1938లో బాంబే టాకీస్ సంస్థ నిర్మించిన భాభీ చిత్రంలో రేణుకాదేవి సరసన నటించాడు. ఈ చిత్రానికి జర్మనీకి చెందిన ఫ్రాంజ్ ఆస్టెన్ దర్శకుడు. 1943లో వచ్చిన హమారీ బాత్‌లో దేవికారాణి సరసన కథానాయకుడు. దేవికారాణి నటించిన చివరి చిత్రం ఇదే. 1946లో ఎ.ఆర్.కర్దార్ తీసిన షాజహాన్‌లో కె.ఎల్.సైగల్‌తో కలిసి నటించాడు.

చారిత్రక పాత్రలు

1950, 60 దశకాలలో జైరాజ్ పేరు చారిత్రక, జానపద చిత్రాలతో ముడిపడింది. హాతిమ్‌తాయి, అమర్‌సింగ్ రాథోడ్, టిప్పు సుల్తాన్, వీర్ దుర్గాదాస్, జై చిత్తోడ్ వంటి చిత్రాలలో ప్రధాన పాత్రలు ధరించాడు. వీటిలో పలు చిత్రాలలో నిరుపా రాయ్ కథానాయిక. 1963లో చంద్రశేఖర్ ఆజాద్ చిత్రంలో విప్లవవీరుని పాత్ర పోషించాడు.

విదేశీ చిత్రాలలోనూ నటించాడు. గాంధీజీ హత్య నేపథ్యంతో మార్క్ రాబ్సన్ 1963లో తీసిన నైన్ అవర్స్ టు రామాలో పారిశ్రామికవేత్త జి.డి.బిర్లాగా కనిపించాడు. 1966లో విడుదలైన మాయా అనే హాలీవుడ్ చిత్రంలో కూడా ఇతనికి పాత్ర ఉంది.

దర్శకునిగా, నిర్మాతగా

బాంబే టాకీస్ 1945లో నిర్మించిన ప్రతిమ చిత్రానికి జైరాజ్ దర్శకత్వం వహించాడు. ఇందులో కథానాయకుడు దిలీప్ కుమార్. అప్పటికి దిలీప్ కుమార్ ఇంకా కొత్త నటుడు. అతనికిది రెండవ చిత్రం. 1951లో జైరాజ్ సొంతంగా సాగర్ చిత్రాన్ని నిర్మించి దర్శకత్వం వహించాడు. నర్గీస్, భరత్ భూషణ్ ఇందులో నటించారు. ఆంగ్లకవి టెన్నిసన్ రచించిన ఈనాక్ ఆర్డెన్ అనే నావికుని కథ దీనికి ఆధారం. నౌకాదళంలో చేరాలన్న కోరిక తీరని యువకుడు రెండు దశాబ్దాల తరువాత తన సొమ్ముతో సముద్రం పేరిట సినిమా తీయడం గమనార్హం. 1959లో మోహర్ చిత్రానికి దర్శకత్వం వహించాడు.

చివరి దశ, గుర్తింపు

వయసు మీరిన తరువాత జైరాజ్ గుణచిత్ర నటునిగా మారాడు. 1975లో వచ్చిన షోలేలో పోలీసు అధికారిగా, 1978 నాటి డాన్‌లో సహాయక పాత్రలో కనిపించాడు. ఒకప్పుడు కథను తన భుజాలపై మోసిన నటుడు రెండు మూడు దృశ్యాల పాత్రలకు కూడా వెనుకాడలేదు. జైరాజ్ పంజాబీ కుటుంబానికి చెందిన సావిత్రిని వివాహమాడి బొంబాయిలోనే స్థిరపడ్డాడు.

1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం ఇతనిని వరించింది. తెలుగువారిలో ఇంతకుముందు ఈ పురస్కారం పొందినవాడు బి.ఎన్.రెడ్డి (1974) ఒక్కడే. హైదరాబాదులో సినిమాలు తీసి బహిష్కృతుడైన ధీరేన్ గంగూలీకి కూడా 1975 సంవత్సరానికి ఇదే పురస్కారం లభించింది. జైరాజ్ 2000 ఆగష్టు 11న తన 90 ఏళ్ళ వయసులో ముంబైలో మరణించాడు.

స్వస్థలంలో స్మరణ

జైరాజ్ సినీజీవితమంతా హిందీ రంగంలోనే గడిచింది. అందువల్ల కరీంనగర్ ప్రాంతీయులకు సైతం ఇతడు తమ ఊరివాడని చాలాకాలం తెలియలేదు. ఇతడు బొంబాయి చేరిన 1929 నాటికి తెలుగు టాకీ పుట్టలేదు. భక్త ప్రహ్లాద 1932లో విడుదలైంది. తెలుగు చిత్రరంగం మద్రాసులో వేళ్ళూనుకొనేనాటికి ఇతడు హిందీలో స్థిరపడిన నటుడు. ఇంటిని కాదని వెళ్ళిన యువకుడు పేరు సంపాదించాడు గాని, ఆ పేరు సొంతగడ్డకు చేరడానికి కాలం పట్టింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత హైదరాబాదులోని రవీంద్రభారతి ప్రాంగణంలో ఒక చిత్ర ప్రదర్శనశాలకు పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్ అని నామకరణం చేశారు.

కొన్ని ముఖ్య చిత్రాలు

* జగ్‌మగతీ జవానీ (1929)
* రసీలీ రాణి (1929)
* షికారీ (1932)
* భాభీ (1938)
* హమారీ బాత్ (1943)
* ప్రతిమ (1945) - దర్శకత్వం
* షాజహాన్ (1946)
* సాగర్ (1951) - నిర్మాణం, దర్శకత్వం
* హాతిమ్‌తాయి (1956)
* టిప్పు సుల్తాన్ (1959)
* జై చిత్తోడ్ (1961)
* చంద్రశేఖర్ ఆజాద్ (1963)
* షోలే (1975)