మదనపల్లె మూలం, బొంబాయి వెండితెర: లీలా నాయుడు జీవితం

1954లో మిస్ ఇండియా కిరీటం అందుకున్న యువతి ఇంటిపేరు నాయుడు. తండ్రిది ఉమ్మడి చిత్తూరు జిల్లా మదనపల్లె. తల్లి ఫ్రెంచి మాతృభాషగా గల విదుషీమణి. జన్మస్థలం బొంబాయి, చదువు జెనీవాలో. తెలుగువారి సినిమా చరిత్రల్లో ఆమె పేరు అరుదుగా కనిపిస్తుంది. ఆమె ఒక్క తెలుగు చిత్రంలోనూ నటించకపోవడమే అందుకు కారణం కావచ్చు. ఆ లీలా నాయుడు నటించిన చిత్రాలను రెండు చేతుల వేళ్లపై లెక్కించవచ్చు. అయినా భారతీయ చిత్రరంగ చరిత్రను శ్రద్ధగా చదివేవారు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగక తప్పదు.

తండ్రి డాక్టర్ పత్తిపాటి రామయ్య నాయుడు భౌతిక శాస్త్రవేత్త. జిడ్డు కృష్ణమూర్తికి జన్మనిచ్చిన ఊరు, 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ కొన్నాళ్లు బస చేసి జనగణమన గీతాన్ని ఆంగ్లంలోకి అనువదించిన ఊరు మదనపల్లె. అక్కడి నుంచి బయలుదేరిన రామయ్య నాయుడు పారిస్ చేరి, రేడియం పరిశోధనకు కాశీ వంటి మేరీ క్యూరీ ప్రయోగశాలలో పనిచేశారు. అణుధార్మికతను రోగచికిత్సకు వినియోగించే విద్య భారతదేశానికి అప్పుడప్పుడే పరిచయమవుతున్న రోజులవి. 1941లో బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రారంభమైనప్పుడు అక్కడ భౌతిక శాస్త్ర విభాగం బాధ్యతలు ఆయన చేపట్టారు. తరువాత యునెస్కోకు శాస్త్ర సలహాదారుగా సేవలందించారు. తల్లి డాక్టర్ మార్త్ మాంజ్ నాయుడు పాత్రికేయురాలు, భారతీయ విద్యల అధ్యయనంలో కృషి చేసిన పండితురాలు. ఈ దంపతులకు అనేక గర్భస్రావాల అనంతరం దక్కిన ఏకైక సంతానం లీల. 1940లో జన్మించారు.

ఇంటిపేరు ఒక ప్రాంతానిది, బ్రతుకు మరొక తీరానిది కావడం తెలుగువారికి కొత్త విషయమేమీ కాదు. అండమాన్‌లో బాంబూఫ్లాట్ వంటి చోట్ల పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ అనుభవం చిరపరిచితమే. అయితే లీల విషయంలో ఆ దూరం మరీ పెద్దది. తండ్రి ఉద్యోగరీత్యా బాల్యం చాలావరకు ఐరోపాలో గడిచింది. స్విట్జర్లాండులో చదువుకున్నారు. ఫ్రెంచి, ఆంగ్ల భాషలు ఆమెకు స్వభాషలయ్యాయి. కౌమారంలోనే సుప్రసిద్ధ ఫ్రెంచి దర్శకుడు జాఁ రెన్వా వద్ద నటనలో మెలకువలు నేర్చుకున్నారు. రెన్వా అప్పటికే కలకత్తా వచ్చి, హుగ్లీ నదీ తీరంలో 'ది రివర్' చిత్రాన్ని తీసి వెళ్లినవాడు.

అందాల పోటీ అనే వ్యవస్థ ఆనాడు భారతదేశంలో ఇంకా బాల్యదశలోనే ఉంది. ఫ్రాన్సులో పాత్రికేయుడు మోరిస్ ద వాలెఫ్ 1920లోనే ఇటువంటి పోటీని ఆరంభించగా, సినిమా హాళ్లలో ప్రేక్షకులు ఓట్లు వేసి ఆన్యెస్ సూరే అనే యువతిని ఎన్నుకున్నారు. ఆమెకూ సినిమా అవకాశాలు వచ్చాయి. కానీ 1928లో, 26 ఏళ్లకే, అర్జెంటీనాలో మరణించింది. మన దేశంలో 1947లో ప్రమీల అనే పేరుతో ప్రసిద్ధురాలైన ఎస్తర్ అబ్రహాం తొలి మిస్ ఇండియా అయ్యారు. 1952లో ఆ గౌరవం నర్తకి ఇంద్రాణీ రెహమాన్‌కు దక్కింది. కోరాడ నరసింహారావు వద్ద కూచిపూడి అభ్యసించి, ఆ నాట్యానికి దేశవిదేశాల్లో కీర్తి తెచ్చిన కళాకారిణి ఆమె. ఆమె తల్లి కూడా విదేశీయురాలే, అమెరికాకు చెందిన రాగిణీ దేవి. భారతీయ సౌందర్యానికి ప్రతినిధులుగా ఆ తొలి దశాబ్దంలో ఎన్నికైనవారిలో ఇద్దరు పాశ్చాత్య మాతలకు జన్మించినవారు కావడం గమనింపదగినదే. ఆ పోటీలను నడిపిన నగరవాసుల అభిరుచి ఏ వైపు చూసిందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

1954లో లీలకు కిరీటం దక్కేనాటికి ఆమెది ఇంకా చిన్న వయసు. అదే కాలంలో 'వోగ్' పత్రిక ప్రపంచంలోని పదిమంది అందమైన స్త్రీలను పేర్కొంటూ జయపురం మహారాణి గాయత్రీదేవితో పాటు లీలా నాయుడు పేరును చేర్చిందని ప్రసిద్ధి. ఆ మాట జీవితాంతం ఆమెను నీడలా వెంటాడింది. ఆమె గురించి రాసిన ప్రతి వ్యాసంలోనూ మొదటి వాక్యం అదే. అది ఆమెకు మేలు చేసిందో, కీడు చేసిందో చెప్పడం కష్టం.

1956లో ఆమె వివాహం జరిగింది. వరుడు ఒబెరాయ్ హోటళ్ల స్థాపకుడు మోహన్ సింగ్ ఒబెరాయ్ కుమారుడు తిలక్ రాజ్. ఆమెకు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు, ఆయన వయసులో చాలా పెద్ద. కవల ఆడపిల్లలు జన్మించారు. కొద్ది సంవత్సరాలకే దాంపత్యం విచ్ఛిన్నమైంది, పిల్లలు తండ్రి సంరక్షణలోకి వెళ్లారు. అదే 1956లో అమలులోకి వచ్చిన హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం మైనరు పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ఆయన తరువాతనే తల్లి అనీ పేర్కొంది. అయిదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి వద్ద ఉండాలన్న వెసులుబాటు మాత్రం కల్పించింది. తండ్రి జీవించి ఉండగానే తల్లి కూడా సహజ సంరక్షకురాలు కావచ్చునని సుప్రీంకోర్టు వ్యాఖ్యానించడానికి 1999 వరకు ఆగవలసి వచ్చింది. లీలా నాయుడు తరువాతి జీవితంలోని ప్రతి సాఫల్యం వెనుకా ఈ ఎడబాటు ఉన్నది. కిరీటం సంగతి చెప్పినంత విరివిగా దీనిని ఎవరూ చెప్పలేదు.

ఆ నేపథ్యంలోనే 1960లో హృషీకేశ్ ముఖర్జీ దర్శకత్వంలో 'అనూరాధ' విడుదలైంది. రేడియో శ్రోతలకు ఈ చిత్రంపై ప్రత్యేకమైన మమకారం ఉండడం సహజం, ఎందుకంటే కథానాయిక అనూరాధ రేడియో గాయని. గ్రామీణులకు వైద్యసేవ చేయాలన్న ఆదర్శంతో బ్రతికే డాక్టర్ నిర్మల్‌ను ప్రేమించి, తండ్రి మాట కాదని పెళ్లాడి, మారుమూల పల్లెకు వెళ్లిపోతుంది. భర్త మంచివాడు. రోగులకు దేవుడు. కానీ ఇంట్లో ఒక గొంతు క్రమంగా మూగబోతున్నదని గ్రహించడు. బలరాజ్ సాహ్నీ ఆ వైద్యుడి పాత్రను ధరించారు. పండిత రవిశంకర్ సంగీతం సమకూర్చగా, శైలేంద్ర రాసిన గీతాలను లతా మంగేష్కర్ ఆలపించారు. సితార్ విద్వాంసుడైన రవిశంకర్ హిందీ చిత్రాలకు అరుదుగానే సంగీతం అందించారు. అందులో ఈ పాటలు నేటికీ ఆకాశవాణి అభిరుచిగల శ్రోతల చెవులకు దూరం కాలేదు.

తొలి చిత్రమే అయినా లీల నటనలో బెదురు కనిపించదు. ఆమె హిందీ ఉచ్చారణలో కొంత విదేశీ ఛాయ ఉన్నది, అది నిజం. కానీ ఆ పాత్రకు మాటలకన్నా మౌనమే ఎక్కువ అవసరం. భర్త భోజనం మరచి పుస్తకంలో మునిగిపోతే వడ్డించిన కంచం ముందు కూర్చున్న స్త్రీ నిరీక్షణను ఆమె కళ్లతోనే చెప్పారు. ముఖాలంకరణ కూడా మితం. సాదా నేత చీర, వదులుగా ముడిచిన జుట్టు. ఆనాటి హిందీ కథానాయికలకు ఇది అలవాటైన వేషం కాదు. ఈ చిత్రం ఉత్తమ కథాచిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. 1961లో బెర్లిన్ చలనచిత్రోత్సవ పోటీకి కూడా వెళ్లింది. కథ చివర అనూరాధ భర్తను విడిచి వెళ్లదు. నిజజీవితంలో లీల నిర్ణయం వేరు.

తరువాత 'ఉమ్మీద్' వచ్చింది. దానిని గురించి చెప్పుకోవలసినది తక్కువ. 1963లో విడుదలైన 'యే రాస్తే హైఁ ప్యార్ కే' మాత్రం దేశమంతా చర్చించిన ఒక వ్యాజ్యాన్ని తలపించే కథ. 1959 ఏప్రిల్‌లో నౌకాదళ అధికారి కమాండర్ నానావతి తన భార్య ప్రియుడు ప్రేమ్ ఆహుజాను కాల్చి చంపారు. జూరీ ఆయన దోషి కాదని తేల్చినా బొంబాయి హైకోర్టు ఆ తీర్పును తోసిపుచ్చి యావజ్జీవ శిక్ష విధించింది, సుప్రీంకోర్టు దానిని ఖరారు చేసింది. ఆ తరువాత గవర్నర్ క్షమాభిక్షతో ఆయన విడుదలయ్యారు. చిత్రంలో సునీల్ దత్ భర్తగా, లీలా నాయుడు తప్పటడుగు వేసిన భార్యగా నటించారు. రవి స్వరపరచిన పాటలు నిలిచాయి, చిత్రం నిలవలేదు. సాధ్వి కాని కథానాయికను అంగీకరించడానికి ఆనాటి ప్రేక్షకుడు సిద్ధంగా లేడేమో.

అదే ఏడాది ఇస్మాయిల్ మర్చంట్, జేమ్స్ ఐవరీ జంట తమ తొలి కథాచిత్రం 'ది హౌస్‌హోల్డర్'లో ఆమెను శశి కపూర్ సరసన ఎంచుకుంది. రూత్ ప్రవర్ ఝాబ్వాలా నవలకు ఇది తెరరూపం. ఢిల్లీలో చిత్రీకరించారు. సత్యజిత్ రాయ్ చిత్రాలకు పనిచేసిన సుబ్రత మిత్ర ఛాయాగ్రహణం నిర్వహించగా, రాయ్ స్వయంగా కూర్పులో చేయూతనిచ్చారు. కొత్తగా కాపురం పెట్టిన పేద ఉపాధ్యాయుడి భార్య ఇందు పాత్ర ఆమెది. ఊరగాయ నాకుతూ, అలిగి పుట్టింటికి పోయే అమాయకపు ఇల్లాలిగా ప్రపంచ సుందరి ఒదిగిపోవడం చూసి తీరవలసిన విశేషం.

అవకాశాలకు లోటు లేదు. రాజ్ కపూర్ పలుమార్లు పిలిచినా ఆమె అంగీకరించలేదని సినీవర్గాల్లో ప్రతీతి. మార్లన్ బ్రాండో, శశి కపూర్‌లతో కలిపి ఆమెను నటింపజేయాలని సత్యజిత్ రాయ్ తలపెట్టిన చిత్రం కార్యరూపం దాల్చలేదు. 1964లో 'బాగీ' తరువాత హిందీ తెరకు ఆమె దాదాపు దూరమయ్యారు. కీర్తి తలుపు తట్టినప్పుడు తీయకపోవడాన్ని కొందరు అహంకారమన్నారు. పాత్ర నచ్చకపోతే నటించనవసరం లేదనుకునే స్వేచ్ఛగా కూడా దానిని చూడవచ్చు. ఆనాటి నటీమణుల్లో ఎక్కువమందికి కుటుంబ పోషణ భారం ఆ స్వేచ్ఛను ఇవ్వలేదన్నదీ మరువరాదు.

1969లో ప్రసిద్ధ ఆంగ్ల కవి డోమ్ మొరేస్‌ను ఆమె వివాహమాడారు. సంపాదకుడు ఫ్రాంక్ మొరేస్ కుమారుడైన డోమ్, చిన్న వయసులోనే తొలి కవితా సంపుటికి 1958లో ఇంగ్లాండులో హాథోర్న్‌డెన్ పురస్కారం పొందినవాడు. ఆయన ఉద్యోగాలను అనుసరించి హాంకాంగ్‌లోనూ, న్యూయార్కులోనూ కాపురం సాగింది. హాంకాంగ్‌లో ఆమె చిత్రాల అనువాద గాత్రాల పని, లఘుచిత్రాల పని చేపట్టారు. కుమార్ సహానీ దర్శకత్వం వహించిన 'ఎ సర్టెన్ చైల్డ్‌హుడ్' లఘుచిత్రానికి నిర్మాత ఆమే. పాతికేళ్ల సహజీవనానంతరం 1990వ దశకంలో ఆ దంపతులు విడిపోయారు. డోమ్ 2004లో మరణించారు.

రెండు దశాబ్దాల విరామం తరువాత 1985లో శ్యామ్ బెనెగళ్ ఆమెను 'త్రికాల్'తో మళ్లీ తెరకు తెచ్చారు. గోవా విమోచనకు ముందటి 1961 నాటి కథ అది. లౌతోలిం గ్రామంలో వ్యంగ్యచిత్రకారుడు మారియో మిరాండా పూర్వీకుల భవనంలో చిత్రీకరించారు. భర్త మరణించాడన్న సత్యాన్ని ఒప్పుకోని, ఆత్మలను పిలిపించి మాట్లాడబోయే కులీన వితంతువు డోనా మరియా పాత్ర లీలది. కూలిపోతున్న ఒక సంస్కృతి బరువంతా ఆ ముఖంలో కనిపిస్తుంది. బెనెగళ్‌కు ఆ ఏడాది ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారం లభించింది. 1992లో అరుంధతీ రాయ్ రచన, ప్రదీప్ కృషన్ దర్శకత్వంలో వచ్చిన 'ఎలక్ట్రిక్ మూన్' ఆమె చివరి చిత్రం.

చివరి సంవత్సరాలు ముంబయి కొలాబాలో గడిచాయి. కీళ్లవాతం కదలికలను పరిమితం చేసింది. 2008లో కవల కుమార్తెలలో ఒకరి మరణం ఆమెను కృంగదీసింది. ఆ రోజుల్లోనే రచయిత జెర్రీ పింటోతో కలిసి తన జ్ఞాపకాలను గ్రంథస్థం చేయిస్తూ వచ్చారు. 2009 జులై 28న, 69 ఏళ్ల వయసులో ముంబయిలో కన్నుమూశారు. ఆ ఆత్మకథ మరుసటి ఏడాది, ఆమె లేకుండా, వెలువడింది.