కాటన్ దొర – పోలవరం మీదుగా రాని పత్తి పడవలు

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన పుట్టినవారికి కాటన్ దొర అన్నం పెట్టిన మహానుభావుడు. ఎగువన పోలవరంలో పుట్టిన నాబోటివాడికి ఆయన కథ కొంచెం వేరుగా కనబడుతుంది. గోదావరి మా ఊరి ముందునుంచే పోయేది, మెట్టపొలాలకు మాత్రం వానే దిక్కు. నీటిపారుదల శాఖలో చాలాకాలం పనిచేసి, అందులో కొన్నేళ్లు లాకుల దగ్గరే గడిపినందువల్ల, ఆయన జీవితంలో జనం అంతగా చెప్పుకోని భాగమొకటి నా మనసులో నిలిచిపోయింది.

ఆర్థర్ కాటన్ గారు 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదహారో ఏట మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో మన దేశం వచ్చారు. బర్మా యుద్ధంలో పనిచేశారు. 1836లో కావేరి డెల్టా కోసం కొల్లడం నదిపై ఆనకట్ట కట్టించారు.

1844లో గోదావరిని పరిశీలించడానికి వచ్చేనాటికి రాజమండ్రి జిల్లా చితికిపోయి ఉంది. 1821లో 7 లక్షల 38 వేలున్న జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. కరువులు, వరదలు, 1839 నాటి ఉప్పెన ఒకవైపు. కంపెనీవారు బట్టలు కొనడం మానుకోగా మగ్గాలు మూలపడటం ఇంకొకవైపు. నర్సాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరుతోనే ఒక రకం బట్ట సీమలో చెలామణి అయిన ప్రాంతమిది. అలాంటి చోటికి లాంకషైర్ మిల్లుల బట్టే ఎదురు దిగుమతి కాసాగింది.

1847లో పని మొదలైంది. ఎండదెబ్బ తగిలి ఆరోగ్యం చెడటంతో దొరగారు 1848లో ఆస్ట్రేలియా వెళ్లవలసి వచ్చింది. ఆ కాలమంతా పనిని నడిపించినది కెప్టెన్ ఓర్. ఆయన పేరు మనవాళ్లు తలచుకోరు, అది న్యాయం కాదు. 1852కి ఆనకట్ట పూర్తయింది.

కాటన్ గారి దృష్టిలో కాలువ అంటే చేనికి నీరు మాత్రమే కాదు, పడవకు దారి కూడా. అందుకే నీటిమట్టం మారే ప్రతిచోటా లాకులు. ఎగువ తలుపులు తీసి పడవను లోపలికి రానిస్తాం. తలుపులు మూసి, దిగువ తలుపుల్లోని చిన్న తూములు ఎత్తితే నీరు మెల్లగా దిగుతుంది, దానితో పడవా దిగుతుంది. రెండువైపులా మట్టం సమానం కానిదే పదిమంది కలిసి నెట్టినా తలుపు కదలదు. సమానమైతే ఒక్కడు చాలు. ఇంజనూ లేదు, కరెంటూ లేదు. మా ఏజెన్సీ వెదురు, చింతపండు పడవలకెక్కి విజ్జేశ్వరం లాకులు దాటి డెల్టాలోకి పోయేవని పెద్దలు చెప్పగా విన్నాను.

ఇంత చేసిన మనిషి అక్కడితో ఆగలేదు. పోలవరం దాటి, పాపికొండల గండి దాటి, నాగపూరు, బేరారు పత్తిచేల వరకు గోదావరిని పడవదారిగా మార్చాలన్నది ఆయన సంకల్పం. ఆ పత్తి కాకినాడ రేవుకు దిగి లాంకషైర్ మిల్లులకు పోవాలి. దారిలో మూడుచోట్ల బండరాళ్ల అడ్డంకులున్నాయి. మొదటిదైన దుమ్ముగూడెం దగ్గర హేగ్ దొర ఆధ్వర్యాన ఆనకట్ట, కాలువ, లాకులు కట్టారు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి సీమ మిల్లులకు పత్తి అందక మూతపడుతుంటే, ఇక ఈ పథకానికి తిరుగులేదనిపించింది.

కాని 1865లో ఆ యుద్ధం ముగిసింది, అమెరికా పత్తి మళ్లీ వచ్చింది. 1867కల్లా బొంబాయి రైలు నాగపూరు చేరింది. వేసవిలో మోకాలిలోతుకు దిగే నదికోసం, అడవి జ్వరాలకు కూలీలు బలయ్యే చోట, ఇంకా డబ్బు పోయడం దండగని సర్కారుకు తోచింది. 1871లో పని ఆపేశారు. రైలుకన్నా కాలువే చవక అన్న దొరగారి లెక్క డెల్టాలో నిజమే. ఏటి పొడవునా ఏడాదంతా నీరుండని ఎగువన అది పొరపాటని నా అభిప్రాయం. లస్కర్ల దగ్గర పని నేర్చుకున్న నాకు ఆ మాట రాయడానికి చెయ్యాడలేదు, అయినా రాస్తున్నాను.

ఒకసారి దుమ్ముగూడెం వెళ్లి ఆ రాతికట్టడం మీద చాలాసేపు కూర్చున్నాను. 1877లో జంషెట్జీ టాటా గారు నాగపూరులోనే ఎంప్రెస్ మిల్లు తెరిచారు. పత్తి పండిన చోటికే మిల్లు వచ్చింది. కాటన్ గారు అప్పటికి ఇంగ్లండులో ఉన్నారు. మరుసటి ఏడు పార్లమెంటు కమిటీ ముందు కూడా కాలువల పక్షానే వాదించారు. ఆ తరువాత డార్కింగ్‌లో తన ఇంటి నేలను లోతుగా తవ్వి గోధుమ పంటపై ప్రయోగాలు చేసుకుంటూ, 1899 జూలై 24న, తొంభై ఆరేళ్లు నిండాక కన్నుమూశారు.