పెట్రోలు బస్సు.. కరెంటు మోటారు.. రెండూ తెలిసిన నాయుడు గారు

శుక్రవారం సాయంత్రం అరాద్ కోట పక్కన మనోళ్లు నలుగురు కలిశారంటే మాటలు ఎటు తిరిగినా చివరికి ఒక్కచోటికే వస్తాయి. ఇంటికెళ్లాక ఏం చేద్దాం అన్నదే ఆ మాట. మొన్న అలాగే కూర్చున్నప్పుడు ముహర్రఖ్‌లో పదేళ్లుగా పికప్ నడుపుతున్న జగిత్యాల వైపు అన్న ఒకాయన తన గోడు వెళ్లబోసుకున్నాడు. కంపెనీ లెక్క తేల్చి డబ్బులిస్తే ఊళ్లో ఒక చిన్న గూడ్స్ బండి కొనాలని ఆయన ఆలోచన. రూమ్‌లో ఒకరు కరెంటు బండి కొనమంటారు, ఇంకొకరు డీజిల్‌ను మించింది లేదంటారు, మూడో ఆయన హైబ్రిడ్ వచ్చేదాకా ఆగమంటాడు. పదేళ్ల చెమట ఒక్క సంతకంతో పోయే వ్యవహారం. అన్నకు నిద్ర పట్టడం లేదు.

మేం మెకానిక్‌లం కాము. ఫలానా బండి కొనమని చెప్పేంత తెలివీ మాకు లేదు. కానీ ఆ ప్రశ్న వినగానే మాకు ఒక పెద్దాయన గుర్తొచ్చాడు. పెట్రోలు బస్సులతో పైకొచ్చి, కరెంటు మోటారుతో పేరు తెచ్చుకున్న మనిషి. పైగా మన తెలుగువాడు. ఆయనే కోయంబత్తూరు జి.డి.నాయుడు.

హోటల్లో పని.. మోటార్ సైకిల్ మీద మనసు

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో పుట్టాడు. ఆ చుట్టుపక్కల తరతరాలుగా స్థిరపడ్డ తెలుగు రైతు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడి చదువు ఆయనకు ఒంటబట్టలేదు. పుస్తకాలు మాత్రం తనంతట తానే చదువుకునేవాడు.

ఒకరోజు ఊరికి ఒక తెల్లదొర రడ్జ్ మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా బండి నడవడం చూసిన కుర్రాడికి ఇక వేరే ధ్యాస లేకపోయింది. అలాంటి బండి కొనాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే పని కావాలి. ఊరు వదిలి కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వర్‌గా చేరాడు. టేబుళ్లు తుడిచి, ప్లేట్లు అందించి, పైసా పైసా కూడబెట్టాడు. బండి కొన్నాక ముందు చేసిన పని ఏంటో తెలుసా.. దాన్ని ఊడదీయడం. ఏ ముక్క ఎందుకుందో చూసుకుని మళ్లీ బిగించాడు. ఆయన ఇంజనీరింగ్ కాలేజీ అదే.

మనామా హోటళ్లలో ట్రేలు మోస్తున్న తమ్ముళ్లు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. ట్రే మోయడం చిన్నతనం కాదు. దేని కోసం మోస్తున్నామో తెలిసుండాలి, అంతే.

మొదటి దెబ్బ, తర్వాత మొదటి బస్సు

తర్వాత చేతిలో ఉన్న డబ్బుతో బొంబాయి వెళ్లి పత్తి వ్యాపారం పెట్టాడు. తనకు తెలియని బేరం అది. ఉన్నది కాస్తా ఊడ్చుకుపోయింది. తిరిగి కోయంబత్తూరు చేరాడు. ఈసారి తనకు తెలిసిన పనినే పట్టుకున్నాడు. అక్కడి బ్రిటిష్ వ్యాపారి స్టేన్స్ దొర చేయూతనిచ్చాడు. 1920లో ఒక మోటారు బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య నడిపాడు. డ్రైవర్‌ను పెట్టుకోలేదు. స్టీరింగ్ తనే పట్టాడు.

ఇక్కడ మన అన్న ప్రశ్నకు సంబంధించిన సంగతి ఒకటుంది. పెట్రోలా, కరెంటా అన్న పోటీ ఇవాళ్టిది కాదు. 1900 ప్రాంతంలో అమెరికా, ఐరోపా వీధుల్లో ఆవిరి బండ్లు, కరెంటు బండ్లు, పెట్రోలు బండ్లు మూడూ పక్కపక్కనే తిరిగేవి. పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాలు తిప్పే హైబ్రిడ్ బండిని ఫెర్డినాండ్ పోర్షే అప్పట్లోనే తయారు చేశాడు. 1914లో ఎడిసన్, ఫోర్డ్ ఇద్దరూ కలిసి చవక కరెంటు కారు తేవాలని చూశారు, కుదరలేదు. ఆ రోజుల్లో బ్యాటరీ బరువెక్కువ, దూరం తక్కువ. పెట్రోలు డబ్బా అయితే ఏ పల్లెకైనా మోసుకుపోవచ్చు. పైగా హ్యాండిల్ తిప్పే బాధ లేకుండా 1912లో సెల్ఫ్ స్టార్టర్ వచ్చింది. దాంతో పెట్రోలు గెలిచింది.

1920లో పొల్లాచ్చి రోడ్డు మీద చార్జింగ్ అన్న మాటకే తావు లేదు. ఆ రూటుకు పెట్రోలు బస్సే తగిన బండి. నాయుడు గారి ఒక్క బస్సు కొన్నేళ్లలో యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. వేళకు నడుస్తాయని ఆ బస్సులకు దేశమంతా పేరొచ్చింది.

1932: ఇక్కడ నూనె, అక్కడ కరెంటు

ఇప్పుడు ఒక తమాషా చూడండి. 1932లో మనం ఉంటున్న ఈ బహ్రెయిన్‌లో జబల్ దుఖాన్ దగ్గర నూనె పడింది. గల్ఫ్‌కు అరబ్బు వైపున పడ్డ మొదటి నూనె బావి అదే. మనం ఇక్కడికి వచ్చామంటే దాని మూలం ఆ బావిలో ఉంది. సరిగ్గా అదే ఏడు నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలైంది. ఆ కరెంటు కోయంబత్తూరు మిల్లులకు, రైతుల బావులకు చేరింది.

బావుల దగ్గరికి కరెంటు వస్తే సరిపోతుందా.. మోటారు కావాలి కదా. అప్పటిదాకా మోటార్లన్నీ విదేశాల నుంచి రావాల్సిందే. నాయుడు గారు డి.బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో పీలమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో మోటారు తయారు చేశాడు. మన దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెప్తారు. తర్వాత కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు ఊరయింది. మన ఊళ్లలో బావి మీద, బోరు మీద ఉన్న మోటారు పేరు పలక చదివి చూడండి. చాలావాటి మీద కోయంబత్తూరు అనే ఉంటుంది.

ఆయన నిలబెట్టిన సంస్థల పేర్లు చూస్తే మనిషి అర్థమవుతాడు. ఒకటి రేడియేటర్ల ఫ్యాక్టరీ, ఒకటి డీజిల్ సామాన్ల కంపెనీ, ఇంకొకటి ఆర్మేచర్ వైండింగ్ వర్క్స్. ఇంజను వైపు ఒక చెయ్యి, కరెంటు వైపు ఒక చెయ్యి. చిన్న బ్యాటరీ సెల్లులతో నడిచే గడ్డం గీసుకునే మిషను చేశాడు. కరెంటు లేని ఇంటికి కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను చేశాడు. రోడ్డుకు పెట్రోలు, బావికి కరెంటు, గుడిసెకు కిరసనాయిలు. ఒకదానికే కట్టుబడి కూర్చోలేదు.

చేతికందని కారు

ఆయన కథంతా గెలుపే అనుకుంటే పొరపాటు. 1945లో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ పెట్టడానికి తన సొమ్ము పెట్టాడు. ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాలకు మూలం అదే. నాలుగేళ్ల చదువు దండగ, చేతిపనితో కలిపి రెండేళ్లలో నేర్పవచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పదవి వదిలేసి వచ్చేశాడు.

1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశాడు. ధర రెండు వేల రూపాయలు. మామూలు మనిషికి కారు అందాలన్నది ఆలోచన. సర్కారు లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. బండి ఎంత మంచిదైనా ప్రభుత్వం కాగితం మీద సంతకం పడకపోతే రోడ్డెక్కదు. ఇది కూడా ఆయన జీవితం మనకు చెప్పే పాఠమే. 1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు. ఇప్పుడు కోయంబత్తూరు వెళ్తే ఆయన పేరిట ఉన్న మ్యూజియం చూడవచ్చు.

మరి మన అన్న ఏ బండి కొనాలి?

నాయుడు గారి దారిలో ఆలోచిస్తే ముందు బండిని కాదు, రూటును చూడాలి.

కరెంటు మోటారు తనకిచ్చిన శక్తిలో పదింట తొమ్మిది వంతులు చక్రానికి చేరుస్తుంది. పెట్రోలు ఇంజను పదింట రెండు మూడు వంతులే చేరుస్తుంది, మిగతాదంతా వేడిగా పోతుంది. ఆగుతూ పోతూ తిరిగే సందుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. హైబ్రిడ్ బండి బ్రేకు వేసినప్పుడల్లా కొంత శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది కాబట్టి ఊళ్లో లాభమే. హైవే మీద ఒకే వేగంతో పోతే ఆ లాభం తగ్గిపోతుంది. పైగా ఇంజనూ, మోటారూ రెండూ ఉంటాయి కాబట్టి ఖరీదూ ఎక్కువే. హైబ్రిడ్ ఎక్కువగా కార్లలో, పెద్ద పికప్‌లలో వచ్చింది. మన దగ్గర చిన్న గూడ్స్ బండ్లలో దాని కోసం ఆగితే ఎన్నాళ్లు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

చిన్న లెక్క ఒకటి వేద్దాం. రోజుకు 80 కిలోమీటర్లు తిరుగుతారనుకోండి. లీటరుకు 15 ఇచ్చే బండికి ఐదు లీటర్ల పైచిలుకు కావాలి. యూనిట్‌కు 5 కిలోమీటర్లు ఇచ్చే కరెంటు బండికి 16 యూనిట్లు కావాలి. మీ ఊరి లీటరు ధర, యూనిట్ ధర మీరే వేసుకోండి. రోజువారీ ఖర్చులో కరెంటు బండి గెలుస్తుంది. అయితే కొనేటప్పుడు ఎక్కువ పెట్టాలి, ఆ తేడాకు బ్యాంకు వడ్డీ ఉంటుంది. ఎన్ని రోజుల్లో ఆ తేడా తిరిగొస్తుందో చూసుకోవాలి. బండి తిరగని రోజు లాభం కూడా రాదు.

టాటా ఏస్ కరెంటు బండిని 2022లో తెచ్చినప్పుడు 600 కిలోల బరువుతో ఒక చార్జింగ్‌కు 154 కిలోమీటర్లు వస్తుందన్నారు. 2024లో టన్ను మోసేది 161 కిలోమీటర్లు పోతుందని తెచ్చారు. కంపెనీ చెప్పే దూరం వేరు, లోడుతో రామగుండం ఎండలో వచ్చే దూరం వేరు. బ్యాటరీకి ఎండ పడదు, ఆయుష్షు తగ్గుతుంది. ఇక్కడి వేసవి చూసిన మనకు ఆ సంగతి వేరే చెప్పాలా. బ్యాటరీ గ్యారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద చూసుకోవాలి. ఇంటి దగ్గర రాత్రి చార్జింగ్ పెట్టే వీలుందా, మండలంలో దాన్ని రిపేరు చేసేవాడున్నాడా, అదీ చూడాలి.

కాగితాల సంగతి మరవొద్దు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ప్రకటించింది. గడువు 2026 డిసెంబర్ 31 అని పెట్టింది. కొనే రోజున ఆర్టీవో ఆఫీసులో అడిగి తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.

మార్కెట్ నుంచి చుట్టూ ఊళ్లకు తిరిగి రాత్రికి ఇల్లు చేరే బండి అయితే కరెంటు వైపు మొగ్గొచ్చు. హైదరాబాద్‌కు, నాగపూర్‌కు లోడు పడే బండి అయితే ఇప్పటికి డీజిలే నయం. బహ్రెయిన్‌లోనూ ఇదే లెక్క. ఈ చిన్న దీవిలో తిరిగే వ్యానుకు ఒక న్యాయం, కాజ్‌వే దాటి సౌదీలో వందల కిలోమీటర్లు పోయే లారీకి ఒక న్యాయం.

ఇదంతా విన్నాక అన్న ఏ బండి కొంటానో చెప్పలేదు. అక్కడే కోట గోడ పక్కన నిలబడి ఊళ్లో ఉన్న బామ్మర్దికి ఫోన్ చేశాడు. అంగడికి లోడు తీసుకెళ్లే బండి వెనక వారం రోజులు తిరిగి, రోజుకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో, ఎంత బరువు ఎత్తుతున్నారో రాసి పెట్టమన్నాడు. బొంబాయిలో ఒకసారి దెబ్బ తిన్నాక నాయుడు గారు చేసిన పనీ అదే. తెలిసిన రోడ్డు మీదే మొదటి బస్సు పెట్టాడు. ఆ వారం లెక్క వచ్చాక బండి పేరు దానంతట అదే తేలుతుంది.