అంబేద్కర్ పక్కన జార్జి

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఏప్రిల్ 14 ఒక జయంతి, ఒక వర్ధంతి. అంబేద్కర్ పుట్టినరోజూ, జార్జి రెడ్డి హతుడైన రోజూ అదే. రెండు చిత్రపటాలకూ దండలు వేస్తారు. చాలాసార్లు వేసే చేతులు వేరు, ఎగిరే జెండాలు వేరు. కుల ప్రశ్నను బోధించే అధ్యాపకుడిగా ఈ ఎడం నన్ను ఆలోచింపజేస్తుంది. జార్జి జీవితాన్ని అంబేద్కర్ పక్కన పెట్టి చదివితేనే దాని అర్థం పూర్తిగా తెరుచుకుంటుందని నా అభిప్రాయం.

జార్జి 1947 జనవరి 15న కేరళలోని పాలక్కాడ్‌లో జన్మించాడు. తండ్రి రఘునాథరెడ్డి తెలుగువారు. తల్లి లీలా వర్గీస్ మలయాళీ క్రైస్తవ కుటుంబానికి చెందినవారు. అతని పేరులో మొదటి మాట ఒక మతాన్ని, రెండో మాట ఒక ఆధిపత్య కులాన్ని సూచిస్తాయి. కులం, మతం, భాష అనే మూడు గోడలనూ దాటిన వివాహం నుంచి వచ్చిన బిడ్డ అతడు. హైదరాబాద్‌లో సెయింట్ పాల్స్ పాఠశాలలో, నిజాం కళాశాలలో చదివాడు. ఉస్మానియాలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి బంగారు పతకం పొందాడు. అక్కడే పరిశోధనలో చేరాడు. అంతటి ప్రతిభకు ఆనాడు విదేశీ విశ్వవిద్యాలయాల తలుపులు తెరుచుకునేవి. జార్జి మాత్రం ప్రయోగశాలకూ హాస్టల్‌కూ మధ్య ఉన్న దారిలోనే తన పనిని వెతుక్కున్నాడు.

ఆ దారి ఎలాంటిదో తెలియాలంటే ఉస్మానియా చరిత్ర కొంత తెలియాలి. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఈ విశ్వవిద్యాలయం చాలాకాలం పట్టణ, సంపన్న వర్గాల పిల్లలదే. 1953 జనవరి 12న ఇది అంబేద్కర్‌ను గౌరవ డాక్టరేట్‌తో సత్కరించింది. కానీ ఆయన జనులకు ఇక్కడి తరగతి గదుల్లో తగిన చోటు దక్కడానికి మరెన్నో ఏళ్లు పట్టింది. 1960ల నాటికి పల్లెల నుంచి, చదువు ఎరగని ఇళ్ల నుంచి మొదటి తరం విద్యార్థులు హాస్టళ్లకు చేరసాగారు. 1970లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యాసంస్థల్లో వెనుకబడిన తరగతులకు 25 శాతం రిజర్వేషన్ కల్పించింది. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది 1972లో, అంటే జార్జి హతుడైన సంవత్సరంలోనే. తలుపు చట్టం తెరిచింది. లోపలికి వచ్చినవారికి మెస్‌లో, ఎన్నికల్లో, ఆవరణలో ఎదురైన పెత్తనాన్ని ఏ ఉత్తర్వూ తొలగించలేదు.

భూస్వామ్య కుటుంబాల పిల్లల జులుం, కండబలంతో సాగే విద్యార్థి ఎన్నికలు ఆనాటి ఆవరణలో మామూలు. జార్జి నిలబడింది ఈ బలానికి ఎదురుగా. బాక్సింగ్ తెలిసినవాడు గనుక దెబ్బకు వెరవలేదు. చదువులో ముందున్నవాడు గనుక అతన్ని రౌడీ అని కొట్టిపారేయడం ఎవరికీ సాధ్యపడలేదు. ఇంగ్లిష్ రాక తరగతిలో ముడుచుకుని కూర్చునే విద్యార్థికి అండగా నిలవడం అతని రాజకీయానికి తొలి అక్షరం. వియత్నాం యుద్ధం మీదా, అమెరికాలో నల్లజాతీయుల పోరాటాల మీదా లోకమంతటా విద్యార్థులు చర్చించుకుంటున్న కాలమది. ఆ చర్చను ఉస్మానియా హాస్టల్ గదుల్లోకి తెచ్చినవారిలో జార్జి ముందున్నాడు.

1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కళాశాల హాస్టల్ వద్ద ఒక గుంపు అతన్ని కత్తులతో పొడిచి చంపింది. అప్పటికి అతని వయసు ఇరవై అయిదు. పోలీసులు సమీపంలోనే ఉన్నారని సహచరులు చెబుతూ వచ్చారు. నిందితులు న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. అతని మిత్రులు వేసిన పునాది మీద పీడీఎస్‌యూ అనే విద్యార్థి సంఘం ఎదిగింది.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. జార్జి తరం పేదరికాన్ని చూసింది, భూస్వామ్యాన్ని చూసింది. కులాన్ని వాటి నీడగానే ఎక్కువగా భావించింది. వర్గం మారితే కులం దానంతట అదే రాలిపోతుందన్న నమ్మకం ఆనాటి వామపక్షానిది. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఆ నమ్మకాన్ని బద్దలుకొట్టాయి. ఆ తర్వాత దళిత, బహుజన విద్యార్థులు తమ సంఘాలను తామే కట్టుకున్నారు. తమ నాయకత్వాన్ని తామే నిర్మించుకున్నారు. అది న్యాయమైన పరిణామం. అయితే ఆ విమర్శతో జార్జిని అవతల పెట్టేయడం సరికాదు. కులం ఇచ్చే రక్షణను, చదువు ఇచ్చే భవిష్యత్తును పక్కన పెట్టి బలహీనుల వైపు నిలబడిన మనిషి అతడు. ఆధిపత్య కులాల్లో పుట్టిన నేటి విద్యార్థులకు ఆ జీవితం ఒక సూటి ప్రశ్న వేస్తుంది. సినిమా మనకు అతని పిడికిలిని చూపింది. ఆ పిడికిలి ఎవరి కోసం బిగిసిందన్నదే ముఖ్యం.

ముషీరాబాద్ వైపు నుంచి విద్యానగర్ మీదుగా వచ్చినా, తార్నాక వైపు నుంచి వచ్చినా, నేడు ఆవరణలో అడుగుపెట్టే విద్యార్థుల్లో అధికులు దళిత, గిరిజన, బహుజన కుటుంబాల పిల్లలే. మన విశ్వవిద్యాలయాల్లో వారి గొడవలు పాతవే: నెలలు గడిచినా రాని ఫెలోషిప్, నిండిపోయిన హాస్టల్ గది, భర్తీ కాని అధ్యాపక పదవులు, పర్యవేక్షకుని దయ మీద వేలాడే పరిశోధన. ఇదే నగరంలోని హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2016 జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి అతనికి ఫెలోషిప్ నిలిచిపోయి నెలలైంది, హాస్టల్ నుంచి వెలివేసి రోజులైంది. జార్జిని చంపింది కత్తి. రోహిత్ విషయంలో కత్తి అవసరమే రాలేదు. నలభై నాలుగేళ్ల దూరంలో ఇద్దరు పరిశోధకుల సిద్ధాంత వ్యాసాలు అసంపూర్తిగా మిగిలాయి. ఇప్పుడు హాస్టళ్లలో ఉన్న పరిశోధకులు తమ వ్యాసాలను పూర్తిచేసి, పట్టా అందుకుని, క్షేమంగా ఇంటికి చేరాలి. అందుకు వర్గాన్నీ కులాన్నీ కలిపి చూడగల విద్యార్థి రాజకీయం కావాలి.